పౌరసత్వం పరీక్ష దాకా ఆగొద్దు

తమ్ముడూ, గ్రీన్ కార్డు ఇప్పుడే వచ్చింది, సిటిజన్‌షిప్‌కు ఐదేళ్లుంది, ఇక్కడి అమెరికా ప్రభుత్వం సంగతి అప్పుడు చదువుకుంటే సరిపోదా అని అడిగావు. నేనూ అలాగే అనుకుని డబ్బు పోగొట్టుకున్నాను.

టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఇల్లు కొన్న మరుసటి ఏప్రిల్‌లో కౌంటీ అప్రైజల్ నోటీసు వచ్చింది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, అప్రైజల్ అంటే పన్ను కోసం ఇంటికి విలువ కట్టడం. మేం కొన్న ధరకంటే నలభై వేల డాలర్లు ఎక్కువ విలువ కట్టారు. ఇంటి విలువ పెరిగిందని సంతోషపడ్డాను. పైన ‘ఇది బిల్లు కాదు’ అని ఉండటంతో పక్కన పడేశాను. మే 15లోగా అభ్యంతరం చెప్పుకోవచ్చని అందులోనే ఉంది, చదవలేదు. శీతాకాలంలో అసలు పన్ను బిల్లు వచ్చింది. తొమ్మిది వందల డాలర్ల దాకా అదనం. జనవరి 31లోగా కట్టి తీరాలి.

మరుసటి ఏడాది నోటీసు వస్తే వదల్లేదు, అభ్యంతరం పెట్టాను. ఇక్కడిదీ మన నల్లరేగడి లాంటి నేలే, ఎండలకు బిగుసుకుపోయి పునాదిని లాగేస్తుంది. గరాజ్ గోడ మీది నెర్రెలకు ఫొటోలు తీసుకుని, సగం రోజు సెలవు పెట్టి అప్రైజల్ ఆఫీసుకు వెళ్లాను. ఎదురుగా కూర్చున్న అప్రైజర్ ఫొటోలు చూసి ఇంటి విలువలో ఇరవై ఎనిమిది వేలు తగ్గించాడు. నువ్వు ఏ దేశస్థుడివని ఎవరూ అడగలేదు.

ఆ బిల్లే నాకు పాఠ్యపుస్తకమైంది. సిటీ, కౌంటీ, ప్రభుత్వ స్కూళ్లు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ అన్నీ వేర్వేరుగా పన్ను వేస్తాయి, అన్నిటికంటే పెద్ద వాటా స్కూళ్లదే. కమిషనర్స్ కోర్టు అంటే న్యాయస్థానం అనుకునేవాణ్ణి. తీరా చూస్తే మన జిల్లా పరిషత్‌లా కౌంటీ బడ్జెట్, పన్ను రేటు తేల్చే పాలక మండలి. దాని పెద్దను జడ్జి అంటారు. మనవాళ్లు ప్రెసిడెంట్ ఎన్నికల గురించి రాత్రంతా వాదిస్తారు గానీ, తమ జేబులో చెయ్యి పెట్టే స్కూల్ బోర్డు సభ్యుడి పేరు అడిగితే చెప్పలేరు.

పౌరసత్వం పరీక్షకు టెన్షన్ పడకు. ఇప్పుడు 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 చెబితే చాలు. ఫీజు, ఫారాల వివరాలు ప్రభుత్వ సైట్లో ఉంటాయి. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఓటరుగా నమోదు చేయమంటారా అంటే మాత్రం వద్దని చెప్పు. పౌరుడు కాకుండా ఓటేస్తే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉంది. కోర్టు కేసు విని తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చోమని పిలుపు వస్తే పౌరుణ్ణి కాదని టిక్కు పెట్టి తిప్పి పంపు, చించెయ్యకు.

ఇల్లు కొన్న వెంటనే లైసెన్సు మీద అడ్రసు మార్చుకుని, హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కు, అంటే సొంతింట్లో ఉండేవాళ్లకిచ్చే పన్ను మినహాయింపుకు, పెట్టుకో. ఆ ఫారానికి ఫీజు లేదు. డబ్బిస్తే నింపిపెడతామని ఉత్తరాలొస్తాయి, ఒక్క డాలరూ ఇవ్వకు. నెర్రెలకు ఫొటో తీసేటప్పుడు మాత్రం పక్కన స్కేలు పెట్టు, ఎంత వెడల్పో కనబడాలి.