‘ఫెయిర్’ అన్న మాట ఎదురైనప్పుడు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. అనువాదాల పనిలో చేరిన సంతోషం నీ ఉత్తరం నిండా కనిపించింది. ‘ఫెయిర్’ అనే చిన్న విశేషణం దగ్గర రోజూ కలం ఆగిపోతోందనీ, నిఘంటువు తెరిస్తే ఏ అర్థం తీసుకోవాలో తోచడం లేదనీ రాశావు. ఆగడం మంచి లక్షణమే అమ్మాయీ. ఆ మాట కనబడగానే ‘న్యాయమైన’ అని రాసేసి ముందుకు పోయేవాళ్ళ వల్లనే చదవడానికి కష్టమైన తెలుగు పెరుగుతోంది.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ‘ఫెయిర్’ అంటే ఏమిటని అడగకు. ఆ వాక్యంలో దానికి వ్యతిరేకం ఏమిటని అడుగు. బడిపిల్లల పుస్తకాల్లో దానికి వ్యతిరేకం ‘రఫ్’. అక్కడ అది చిత్తుప్రతికి ఎదురుగా నిలిచే సాపు ప్రతి. ఆటలో దానికి వ్యతిరేకం తొండి. కాబట్టి ‘ఫెయిర్ ప్లే’ అంటే తొండి లేని ఆట, ధర్మంగా ఆడిన ఆట. వాతావరణం మార్పు చూపే పాత గోడ భారమితుల (బారోమీటర్ల) మీద ‘చేంజ్’ అన్న గుర్తుకూ ‘వెరీ డ్రై’ అన్న గుర్తుకూ మధ్య ‘ఫెయిర్’ ఉంటుంది. అక్కడ దానికి వ్యతిరేకం వాన. ఆకాశం తెరిపిగా ఉందన్నమాట. ఓడ ప్రయాణాల్లో ‘ఫెయిర్ విండ్’ వస్తే దానికి వ్యతిరేకం ఎదురుగాలి. అనుకూలమైన గాలి అని రాస్తే చాలు.

వ్యతిరేకం తేలాక రెండో పని, ఆ రంగంలోని మనుషులు ఇప్పటికే ఏమంటున్నారో చూడటం. ‘ఫెయిర్ ప్రైస్ షాప్’ అన్న మాట 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టంలో ఉంది. దాన్ని ‘న్యాయమైన ధర దుకాణం’ అని రాస్తే బియ్యం తెచ్చుకునే మనిషికి అర్థం కాదు. చౌకధరల దుకాణం అనే మాట ఎప్పటినుంచో ఉంది. చౌకడిపో అనీ, రేషన్ షాపు అనీ కూడా అంటారు. ఆంగ్లంలోని ‘ఫెయిర్’ ఇక్కడ ‘చౌక’గా మారింది. అది తప్పు కాదు, మంచి అనువాదం. కొనేవాడి వైపు నిలబడి చూసినవాళ్ళు పెట్టిన మాట అది.

చెరకు దగ్గరికి వస్తే అదే ‘ఫెయిర్’ అమ్మేవాడి వైపు తిరుగుతుంది. 2009లో చెరకు నియంత్రణ ఉత్తర్వును సవరించి, అంతకుముందున్న చట్టబద్ధ కనీస ధర స్థానంలో ‘ఫెయిర్ అండ్ రెమ్యూనరేటివ్ ప్రైస్’ తెచ్చారు. చెరకు నుంచి వచ్చే పంచదార రికవరీ శాతాన్ని బట్టి కేంద్రం దాన్ని నిర్ణయిస్తుంది. దీన్ని ‘మద్దతు ధర’ అని రాయడం చూశాను. వద్దు. మద్దతు ధర వరికీ పత్తికీ ఉన్న వేరే ఏర్పాటు. ‘న్యాయమైన, గిట్టుబాటు ధర’ అని రాయి. గిట్టుబాటు అన్న మాటను రైతులు రోజూ వాడతారు, దాని బరువు వాళ్ళకు తెలుసు.

భూసేకరణ వార్తలు నీ దగ్గరికి తప్పకుండా వస్తాయి. 1894 నాటి చట్టం స్థానంలో 2013లో వచ్చిన చట్టం పేరులోనే ‘ఫెయిర్ కాంపెన్సేషన్’ పొందే హక్కు ఉంది. దాన్ని ‘తగిన పరిహారం’ అని సరిపెట్టకు. ‘తగిన’ అంటే ఇచ్చేవాడికి తోచినంత అనే నీడ పడుతుంది. ఆ చట్టం మార్కెట్ విలువను లెక్కగట్టే తీరు చెప్పి, దాని మీద నూరు శాతం సొలేషియం, అంటే ఊరట సొమ్ము, కలపమంటుంది. నేల పోగొట్టుకున్నవాడు అడిగి తీసుకోవలసినది అది. అక్కడ ‘న్యాయమైన’ అన్న మాటే ఉండాలి. నువ్వు ఏ మాట ఎంచుకున్నావన్నది ఆ రైతుకు పట్టింపే అని గుర్తుంచుకో.

కోర్టు తీర్పుల్లో మరో చిక్కు. 1978 నాటి మేనకా గాంధీ కేసు తరువాత, మనిషి ప్రాణస్వేచ్ఛలను తాకే ప్రక్రియ ‘జస్ట్, ఫెయిర్, రీజనబుల్’గా ఉండాలన్న మాట తీర్పుల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది. ‘జస్ట్’కు న్యాయమైన అని రాశాక ‘ఫెయిర్’కు ఏం మిగిలింది? ఇక్కడ నిష్పాక్షికమైన అని రాస్తాను, ‘రీజనబుల్’కు సహేతుకమైన అని. ఎన్నికల విషయంలోనూ ‘ఫ్రీ అండ్ ఫెయిర్’ మన పత్రికల్లో ‘స్వేచ్ఛగా, నిష్పక్షపాతంగా’ అని చక్కగా స్థిరపడింది.

అన్నింటికంటే ఎక్కువ భయపడవలసింది ఆసుపత్రి ప్రకటనల దగ్గర. అమెరికా ఆసుపత్రులు రోగి పరిస్థితిని గుడ్, ఫెయిర్, సీరియస్, క్రిటికల్ అని వరసగా చెబుతాయి. ‘ఫెయిర్’ అంటే నాడి, రక్తపోటు వంటివి నిలకడగా ఉన్నాయి, స్పృహ ఉంది, ఇబ్బంది మాత్రం ఉండవచ్చు అని. ‘బాగుంది’ అని రాస్తే అంతకన్నా పై మెట్టు చెప్పినట్టు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలెవరైనా ప్రమాదంలో గాయపడితే ఇక్కడి తల్లిదండ్రులు ఆ ఒక్క మాటనే పట్టుకుని కూర్చుంటారు. ‘పరిస్థితి నిలకడగా ఉంది, ప్రస్తుతానికి ఆందోళనకరంగా లేదు’ అని రెండు ముక్కలు ఎక్కువ రాయి. ‘గుడ్’, ‘ఫెయిర్’ అని గ్రేడ్లు వేసే పట్టికల్లోనూ ఇంతే. ‘ఫెయిర్’ ‘గుడ్’ కన్నా తక్కువ, ఓ మోస్తరు అని.

ఇక రంగు సంగతి. ప్రాచీన ఆంగ్లంలో ఈ మాటకు అందమైన అనే అర్థం ఉండేది. లేత రంగు అనే అర్థం తరువాత వచ్చి చేరింది. అందమూ తెలుపూ ఒకే మాటలో కలిసిపోయిన ఆ ముడిని నువ్వు తెలుగులోకి మోసుకురావద్దు. ఒంటి రంగు గురించి అయితే ‘తెల్లని ఛాయ’ అని రంగు మాత్రమే చెప్పు, అందం జోడించకు. నల్లనయ్యను అందగాడిగా కొలిచే భాష మనది. మన దేశంలో పేరుపొందిన ఒక క్రీము కూడా 2020లో తన పేరు నుంచి ఆ మాటను తీసేసింది. జుట్టు విషయంలో మరింత జాగ్రత్త. ‘ఫెయిర్ హెయిర్’ ఉన్న యూరప్ కుర్రవాడికి ‘తెల్ల జుట్టు’ అని రాస్తే వాడిని ముసలివాడిని చేసినట్టు. లేత బంగారు రంగు జుట్టు అను.

తిరునాళ్ళు, సంత అనే అర్థంలో వచ్చే నామవాచకం పుట్టుకలోనే వేరు. లాటిన్‌లో పండుగ రోజులను చెప్పే మాట నుంచి వచ్చింది. దానితో నీకు పేచీ ఉండదు. వాదనలో ‘ఫెయిర్ ఎనఫ్’ అంటే ‘సరే, నీ మాటా నిజమే’ అని.

చివరగా ‘ఫెయిర్లీ’ అనే క్రియావిశేషణం. ‘ఫెయిర్లీ పెయిడ్’ అంటే న్యాయంగా జీతం ఇచ్చారని. ‘ఫెయిర్లీ వెల్ పెయిడ్’ అంటే జీతం ఓ మాదిరి బాగానే ఉందని. మధ్యలో ఒక్క మాట చేరగానే కార్మికుడి హక్కు కాస్తా సర్దుబాటుగా మారిపోయింది చూడు. ఇలాంటి వాక్యం సందిగ్ధంగా కనిపిస్తే ఊహించి రాయకు. మూలం రాసినవారికి ఫోను చేసి అడుగు. పత్రిక అచ్చుకు వెళ్ళే వేళ దగ్గరపడినా సరే, అడుగు. వాళ్ళు దొరకకపోతే నాకు చేయి, ఎంత రాత్రయినా పలుకుతాను.

ఇట్లు,
మీ మామయ్య