బేస్‌బాల్ ఒప్పందమా, కాలేజీ చదువా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి పన్నెండో తరగతి, స్కూలు బేస్‌బాల్ జట్టులో పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు). స్కాలర్‌షిప్‌తో కాలేజీ సీటు వచ్చింది. జులై డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను రౌండ్లవారీగా ఎంచుకునేటప్పుడు, చివరి రౌండ్లలో తన పేరు రావచ్చని, వస్తే కాలేజీ మానేస్తానని అంటున్నాడు. వాళ్ల నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ముగ్గురూ కలిసి మీ ఊరి బేస్‌బాల్ జట్టు రఫ్‌రైడర్స్ స్టేడియానికి ఒక ఆదివారం వెళ్లండి. ఆట అయిపోగానే ఇంటికి రావద్దు. చంకలో దిండు పెట్టుకుని బస్సెక్కే విజిటింగ్ జట్టు కుర్రాళ్లను మీ అబ్బాయికి చూపించండి. అమరిల్లోకో, కార్పస్ క్రిస్టీకో గంటల తరబడి ప్రయాణం. మళ్లీ మంగళవారం నుంచి వరుసగా ఆరు ఆటలు. అది డబుల్-ఎ స్థాయి, అంటే అగ్రశ్రేణి అయిన మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింద. స్కూలు నుంచి నేరుగా వచ్చిన కుర్రవాడు సాధారణంగా అట్టడుగున ఉండే రూకీ స్థాయిలో మొదలుపెట్టి, అక్కడికి చేరాలంటే మూడు మెట్లు ఎక్కాలి.

జీతాలు మునుపటంత అన్యాయంగా లేవు. ఆటగాళ్ల సంఘం 2023లో కుదుర్చుకున్న ఒప్పందంతో రూకీ స్థాయి కనీస వార్షిక వేతనం 4,800 డాలర్ల నుంచి 19,800కు, డబుల్-ఎలో 30,250కు పెరిగింది. చాలామందికి వసతి కూడా జట్టే ఇస్తుంది. అయినా ఆ డబ్బుతో భవిష్యత్తుకు వెనకేసుకోవడం కష్టం.

బేస్‌బాల్ ఆడిన రింకు సింగ్‌ను (క్రికెటర్ కాదు) తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఉత్తరప్రదేశ్‌లో లారీ డ్రైవర్ కొడుకు, జావెలిన్ విసిరేవాడు. బేస్‌బాల్ ఎన్నడూ ఎరుగనివాడు 2008లో టీవీ పోటీ గెలిచి మేజర్ లీగ్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందంపై సంతకం చేశాడు. మరుసటి ఏడాదే మైనర్ లీగ్‌లో (మేజర్ లీగ్ కింది స్థాయిల్లో) బంతి వేశాడు. కష్టపడటంలో లోపం లేదు, కానీ చేతి గాయాలు వెంటాడాయి. మేజర్ లీగ్ చేరకుండానే ఆట ముగిసింది. పిచ్చర్ బతుకంతా మోచేతిమీదే ఆధారపడి ఉంటుంది.

ఒక సంగతి మాత్రం ముగ్గురికీ తెలిసి ఉండాలి. డ్రాఫ్ట్‌లో పేరు వచ్చినంత మాత్రాన కాలేజీ జట్టులో ఆడే అర్హత పోదు. జట్టుతో ఒప్పందంపై సంతకం చేస్తే పోతుంది. చేయకుండా నాలుగేళ్ల కాలేజీలో చేరితే, మూడో ఏడాది తరువాత గానీ, 21 ఏళ్లు నిండాక గానీ మళ్లీ డ్రాఫ్ట్‌లో అవకాశం ఉంటుంది. అప్పటికి ఒళ్లు గట్టిపడుతుంది, డిగ్రీ చాలావరకు చేతికొస్తుంది. చివరి రౌండ్ల మాటైతే నా సలహా కాలేజీయే. సంతకం చేసినందుకు జట్టు ఇచ్చే బోనస్ నిజంగా పెద్దదై, ఆట మానాక చదువుకయ్యే ఖర్చు జట్టు భరిస్తుందని ఒప్పందంలో రాసి ఇస్తేనే మరో ఆలోచన.

నాన్నగారికి కూడా ఒక మాట. ‘వద్దు’ అంటే పిల్లవాడు వినడం మానేస్తాడు. ఎంత బోనస్ వస్తే సంతకం చేయాలో డ్రాఫ్ట్‌కు ముందే అతనితో కూర్చుని లెక్క వేయండి. ఆ అంకెను అతని చేతే రాయించి, జట్టు కోసం ఆటగాళ్లను వెతికే స్కౌట్ ఫోను చేసే రోజు ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.