బూస్ట్ గ్లైడర్ కట్టబోయే మేనల్లుడికి

అనంతపురం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

కిట్ పెట్టె తెరిచిన రోజే రెక్కలు అంటించడానికి కూర్చున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ పని ఆపి, ముందు ఈ ఉత్తరం చదువు. బూస్ట్ గ్లైడర్ అంటే రాకెట్టులా పైకెగిరి, గ్లైడరులా తేలుతూ దిగే నమూనా విమానం. అందులో ఇంజను మండేది ఒకటి రెండు క్షణాలే. ఆ తరువాత పాడ్ అనే ఇంజను గొట్టం విడిపోయి రిబ్బనుతో నేలకు దిగుతుంది, గ్లైడరు మాత్రం తన రెక్కల మీద తాను తేలుతూ రావాలి. కాబట్టి నీ శ్రమలో ముప్పావు వంతు రెక్కలకే పోవాలి.

బాల్సా అనే తేలిక చెక్క నార రెక్క పొడవు వెంబడి సాగుతున్నదో లేదో మొదట చూసుకో. నార అడ్డంగా ఉంటే పైకి వెళ్లేటప్పుడే రెక్క విరుగుతుంది. ఉప్పుకాగితాన్ని ఒక చదునైన చెక్కకు చుట్టి, ముందంచును గుండ్రంగా, వెనకంచును పలచగా వచ్చేటట్లు రుద్దు. అడుగు భాగం చదునుగానే ఉండనీ. రెండు రెక్కలను ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని రుద్దితేనే ఆకారం, బరువు సమానంగా వస్తాయి. అంటించేటప్పుడు ఫెవికాల్ పలచగా రాసి, అది కాస్త బంకగా మారాక రెండోసారి రాసి అదిమితే అతుకు గట్టిపడుతుంది. ఎక్కువ పూస్తే బలం పెరగదు, గ్లైడరు మాత్రం బరువెక్కుతుంది.

రంగు విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని నీవు చేయవద్దు. నా మొదటి గ్లైడరుకు పైవైపు మాత్రమే ఎనామిల్ రంగు రెండు పూతలు వేసి, మే నెల ఎండలో మిద్దె మీద ఆరబెట్టాను. సాయంత్రానికి రెక్కలు వేయించిన అప్పడాల్లా వంకర తిరిగాయి. వేయక తప్పదనుకుంటే రెండు వైపులా పలచగా వేసి, నీడలో ఆరబెట్టు.

ఇక అసలు సంగతి బరువు తూకం. పైకి పోయేటప్పుడు ముందున్న పాడ్ బరువు వల్ల గరిమనాభి, అంటే మొత్తం బరువు తూగే బిందువు, ముందుకు జరిగి గ్లైడరు నిటారుగా పోతుంది. పాడ్ ఊడగానే ఆ నాభి వెనక్కి జరిగి, తేలడానికి అనువైన చోటికి వస్తుంది. అందుకే గ్లైడరును పాడ్ లేకుండా చేత్తో విసిరి సరిచేయాలి. గాలికి ఎదురుగా నిలబడి, భుజం ఎత్తునుంచి ముక్కు కొద్దిగా కిందికి వంచి, రాయి విసిరినట్లు కాక గాలిలోకి జారవిడిచినట్లు వదులు. ముక్కు పైకెత్తి, ఆగి, కిందికి కూలి, మళ్లీ లేస్తూ ఉంటే ముక్కుకు చిటికెడు బంకమట్టి అంటించు. నేరుగా నేలకు దిగుతుంటే ఆ మట్టి కొంత తీసివేయి.

అది ఒక పక్కకు వలయంగా తిరగాలని నిలువు తోకను వంచవద్దు. గాలి బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. తేలే వేగానికి ఎగిరే వేగం ఎనిమిది రెట్లుంటే, ఆ చిన్న వంపు మీద బలం 64 రెట్లవుతుంది, గ్లైడరు మరచుట్టులా తిరుగుతూ నేలను కొడుతుంది. దానికి బదులు తిరగవలసిన వైపు రెక్క కొసకు ఆవగింజంత మట్టి పెట్టు. మట్టి బరువు వేగంతో పెరగదు.

పాడ్ కొక్కెం మరీ బిగుతుగా ఉండకూడదు. గ్లైడరు ముక్కును ఆకాశం వైపు పట్టుకుంటే పాడ్ తన బరువుకే జారి పడాలి. పడకపోతే కొక్కేన్ని కొద్దిగా రుద్ది, పెన్సిల్ సీసం పూయి.

ఇంజను ఏ8-3 వంటి చిన్నదే చాలు. ఏ అంటే మొత్తం బలప్రేరణ (సగటు తోపును మండే కాలంతో హెచ్చించిన లెక్క) 2.5 న్యూటన్-సెకన్లకు మించనిదని, 8 అంటే సగటు తోపు న్యూటన్లలో, 3 అంటే మంట ఆరాక పాడ్ ఊడేదాకా పట్టే సెకన్లు. రెక్కలున్నది త్వరగా వేగం కోల్పోతుంది కనుక ఆ ఆలస్యం ఎక్కువ ఉండరాదు. ఇంజన్లో ఉండేది తుపాకిమందు. ఇంట్లో తయారుచేసే ఆలోచన కలలో కూడా రానీయకు. లైసెన్సు ఉన్న చోటే కొనిపించి, మీ కళాశాల మాస్టారి సమక్షంలో, కనీసం 5 మీటర్ల దూరంనుంచి కరెంటు స్విచ్‌తోనే వెలిగించు.

చోటు, వేళ కూడా చెబుతాను. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం దరిదాపులకు పోవద్దు. ఆషాఢపు గాలుల్లో ఎగరేస్తే గ్లైడరు పక్క ఊరికి చేరుతుంది. బుడ్డలు (వేరుశనగ) పీకిన చేలు విశాలంగానే ఉంటాయి గానీ, అంచుల్లో ఎండిన కట్టె వాములుంటాయి, ఒక నిప్పురవ్వ చాలు. వాములు లేని చోట ఎండుగడ్డి తీసేసి, రెండు బిందెల నీళ్లు పక్కన పెట్టుకో. పొద్దున ఏడు గంటలకు గాలి నెమ్మదిగా ఉంటుంది. మధ్యాహ్నం గద్దలు రెక్క కదపకుండా పైకి పోతున్నాయంటే వేడిగాలి లేస్తున్నట్లు లెక్క. అప్పుడు వదిలితే నీ గ్లైడరూ వాటితోనే పోతుంది.

ఉగాదికి వచ్చేటప్పుడు రుద్దిన రెక్కలను అంటించకుండా, రంగు వేయకుండా తీసుకురా. నా దగ్గర చిన్న త్రాసు ఉంది, రెండింటినీ తూచి చూద్దాం.

ఇట్లు,
మీ మామ