మినాక్సిడిల్ మొదలెట్టాక జుట్టు ఇంకా రాలుతోంది!

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి పోతోంది. మందుల షాపులో 5 శాతం మినాక్సిడిల్ తెచ్చి రాస్తున్నాను. నెల దాటేసరికి మునుపటికన్నా ఎక్కువ రాలుతోంది. అమ్మేమో తిరుపతిలో గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందంటోంది. మందు ఆపేయనా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆపకండి. ఎలాగూ రాలిపోవాల్సిన వెంట్రుకలను మందు ముందే తోసేసి, అదే కుదురులో కొత్తవి మొదలెడుతుంది. ఈ రాలుడు రెండో వారం నుంచి రెండు నెలల దాకా ఉండొచ్చు. చాలామంది సరిగ్గా ఇక్కడే సీసా మూల పడేస్తారు. ఫలితం తేలాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. రోజూ అద్దంలో వెతుక్కోవద్దు, నెలకోసారి ఒకే వెలుతురులో ఫొటో తీసుకోండి.

పొద్దున 1 మి.లీ., రాత్రి 1 మి.లీ. తల పూర్తిగా ఆరాక పాపిడి తీసి చర్మానికి తగిలేలా రాయాలి. జుట్టు మీద పోస్తే దండగే. రెట్టింపు రాస్తే రెట్టింపు జుట్టు రాదు సరికదా, గుండెదడ, తల తిరగడం రావచ్చు. ఇది మొదట బీపీ మాత్రగా వచ్చిన మందు మరి! పడుకోవడానికి కనీసం రెండు గంటల ముందే రాయండి. తడి దిండుకంటుకుని, అక్కణ్నుంచి ముఖానికి చేరితే బుగ్గల మీదా వెంట్రుకలొస్తాయి. చేతులు కడుక్కోండి. ఇంట్లో పిల్లి ఉంటే జాగ్రత్త, కొద్దిగా నాకినా దాని ప్రాణం మీదికొస్తుంది. దురద, పొట్టు మొదలైతే చాలాసార్లు తప్పు మందుది కాదు, అందులో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్‌ది. అది లేని ఫోమ్ అడగండి.

మొక్కు ఉంటే గుండు నిక్షేపంగా చేయించుకోండి. వెంట్రుక మందం తేలేది చర్మం లోపలి కుదురులో, కత్తి అక్కడిదాకా వెళ్లదు. తెగిన మొన మొద్దుగా ఉండి చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. కత్తి గాట్లు మానేదాకా మాత్రం మందు రాయకండి, ఒంట్లోకి ఎక్కువ ఇంకుతుంది. ఇంకో మాట: వాడకం మానేస్తే వచ్చిన జుట్టు మూడు నాలుగు నెలల్లో పోతుంది. జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్ మాత్ర జోలికి డాక్టరు చెప్పకుండా వెళ్లొద్దు.

ప్రశ్న: పెళ్లిచూపులకని స్నేహితుడు చెప్పిన క్రీము మూడు నెలలుగా రాస్తున్నాను. రంగు తేలింది కానీ, ఒక్కరోజు మానితే ముఖం ఎర్రబడి మండుతోంది.
– ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: ట్యూబు వెనక చిన్నక్షరాలు చదవండి. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్... వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. రక్తనాళాలను బిగపడుతుంది కాబట్టి ముఖం తెల్లగా కనిపిస్తుంది. మానగానే అవి ఒక్కసారిగా విప్పారుతాయి, ఆ ఎరుపూ మంటా అందుకే. మంట తట్టుకోలేక మళ్లీ రాయడం, చర్మం ఇంకా పలచబడడం, మొటిమలు, ఎర్రటి సన్న నరాలు... ఇదో ఊబి. మీ అంతట మీరు మానినా, కొనసాగించినా కష్టమే. ట్యూబు పట్టుకుని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి, మెల్లగా తగ్గించే పద్ధతి చెబుతారు. ఈలోగా ఫేషియల్, బ్లీచ్, స్క్రబ్, నిమ్మరసం ఏవీ వద్దు. వాసన లేని మాయిశ్చరైజరు, ఎండలోకి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ చాలు. సన్‌స్క్రీన్ ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి, బఠాణీ గింజంత రాస్తే రాయనట్టే.

ప్రశ్న: గడ్డం గీసుకున్న మర్నాడే మెడ మీద పొక్కులు.
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: ఉంగరాల వెంట్రుక నున్నగా తెగితే మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటుంది. స్నానం చేశాక గీసుకోండి. చర్మం లాగి పట్టొద్దు, ఎదురు గీయొద్దు. మూడు నాలుగు బ్లేడ్ల రేజరు బదులు ఒకే బ్లేడుది వాడండి. అయినా తగ్గకపోతే ట్రిమ్మరుతో 1 మి.మీ. ఉంచేయండి.