లోపలి మనిషి మాట నమ్మి మావాడు ఇరుక్కుంటాడా?

ప్రశ్న: మా అబ్బాయిది డిగ్రీ చివరి ఏడాది. ప్రభుత్వ అక్రమాలు బయటపెట్టే జర్నలిస్టునవుతానని పట్టుబట్టాడు. ఒక ఆఫీసులో పనిచేసే మనిషి ఏవో ఫైళ్ల ఫొటోలు పంపాడట, వాటితో సొంత యూట్యూబ్ ఛానల్ పెడతాడట. గట్టిగా కేకలేశాం, ఇప్పుడు మాతో ఏమీ చెప్పడం లేదు. మేం ఆడిటింగ్ చదవమంటున్నాం. రెండింట్లో ఏది నయం? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు కోర్సుల గురించి అడిగారు గానీ మీ భయం అది కాదు. రేపు ఆ మనిషి నాకేం తెలియదని తప్పుకుంటే మా పిల్లాడు ఒంటరైపోతాడేమోనని మీ టెన్షన్. నా దగ్గరికొచ్చే చాలామంది తల్లిదండ్రులది ఇదే భయం. అందులో న్యాయం ఉంది.

లోపలి మనిషి మాటతో దర్యాప్తు మొదలవుతుందే గానీ ముగిసిపోదు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవి పోగొట్టిన వాటర్‌గేట్ కుంభకోణంలో వాషింగ్టన్ పోస్ట్ విలేకరులకు రహస్యంగా సమాచారమిచ్చిన 'డీప్ త్రోట్' ఎవరో 2005లో గానీ బయటపడలేదు. ఆయన మార్క్ ఫెల్ట్, అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో ఉన్న అధికారి. 1972లో దాని డైరెక్టర్ హూవర్ చనిపోయాక ఆ పదవి ఈయనకు దక్కలేదు. ఆ కడుపుమంట కూడా ఉండొచ్చు. అంతమాత్రాన చెప్పింది అబద్ధమైపోదు. ఆయన మాటను విలేకరులు వేరే మనుషులతో, కాగితాలతో సరిచూసుకున్నారు కాబట్టే అది నిలబడింది.

అంత జాగ్రత్తపరులే ఒకసారి దెబ్బతిన్నారు. వైట్‌హౌస్‌లో నిక్సన్‌కు ముఖ్య సహాయకుడైన హాల్డెమన్ మీద వార్త రాస్తూ, ఆ విలేకరుల్లో ఒకడైన బెర్న్‌స్టీన్ ఒక ప్రభుత్వ లాయర్‌కు ఫోన్ చేశాడు. 'పది లెక్కపెడతాను, వార్తలో తేడా ఉంటే ఈలోపు ఫోన్ పెట్టేయండి' అన్నాడు. పది అయింది, ఆయన లైన్‌లోనే ఉన్నాడు. సరే అనుకుని అచ్చేశారు. తీరా చూస్తే ఆయన ఆ షరతును తిరగేసి అర్థం చేసుకున్నాడు. ఒక సాక్షి హాల్డెమన్ పేరును గ్రాండ్ జ్యూరీ ముందు, అంటే కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం ముందు, చెప్పాడని వీళ్లు రాశారు. ఆ సాక్షి అక్కడ ఆ మాటే చెప్పలేదు.

సొంత ఛానల్ అంటే నాకు మొదటినుంచీ అనుమానం అందుకే. అక్కడ 'రెండో ఆధారం ఏదీ?' అని అడిగే ఎడిటర్ ఉండడు, కేసు పడితే నిలబడే లాయర్ ఉండడు. తొందరపెట్టే వ్యూస్ మాత్రం ఉంటాయి. ఎక్స్‌క్లూజివ్ అని అరిచే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బెంగగా ఉంటుంది.

కానీ అమ్మా, మీదీ తప్పుంది. 'నీకెందుకీ గొడవలు' అని కేకలేశారు. 'ఆయన కళ్లారా చూశాడా, ఎవరో చెబితే విన్నాడా? ఇప్పుడే ఎందుకు చెబుతున్నాడు?' అని ఒక్కసారైనా అడిగారా? అడిగుంటే మీవాడు మీతోనే కూర్చుని ఆలోచించేవాడు. ఇప్పుడు ఆ విషయాలన్నీ మీకు తెలియకుండా జరుగుతాయి.

కోర్సు సంగతంటారా, ఆడిటింగ్‌లో స్థిరమైన ఉద్యోగం ఉంది, లెక్కల్లో దొంగతనం ఎక్కడ దాక్కుంటుందో తెలుస్తుంది. అది చదివి జర్నలిజంలోకి వెళ్లినా ఆ చదువు వృథా కాదు. జర్నలిజమే అంటే ముందు వార్తల్ని సరిచూసే మంచి డెస్క్ ఉన్న చోట రెండు మూడేళ్లు పనిచేయమనండి. అన్యాయం చూసి ఊరుకోలేని పిల్లాడు మీకు దొరికాడు. వాడి గురించి అంత దిగులు పెట్టుకోకండి.

ఈ రాత్రి మాత్రం కోపం లేకుండా ఒక్కటి అడగండి, ఆ ఫొటోలు ఇంకెవరికైనా ఫార్వర్డ్ చేశాడా అని. ఫైలు మూలన ఉన్న చిన్న గీత, చేతిరాత చాలు, అది ఎవరి టేబుల్ మీంచి వచ్చిందో పట్టేయడానికి. అప్పుడు ముందు ఉద్యోగం పోయేది ఆ పంపిన మనిషిది.