పబ్లిక్ హిస్టరీ, హెరిటేజ్‌లో పీజీ చేస్తే హైదరాబాద్‌లో బతుకుతెరువు ఉంటుందా?

మీరు అడిగింది ఇదీ: బీఏ అయింది, పబ్లిక్ హిస్టరీ వైపు వెళ్లాలనుంది, ఇంట్లో వాళ్లేమో బీఎడ్ చేసి డీఎస్సీకి ప్రిపేర్ అవ్వమంటున్నారు, హైదరాబాద్ వదలకుండా ఇది కుదిరే పనేనా అని. నేను ఇక్కడే ఎంఏ హిస్టరీ చేశాను. ఇప్పుడు మ్యూజియం ప్రాజెక్టుల్లో డాక్యుమెంటేషన్, బోర్డుల రాత నా పని. కుదురుతుంది, కానీ ఇంట్లో వాళ్ల భయం కూడా ఉత్తదేం కాదు.

ముందు ఏ పని కావాలో తేల్చుకోండి. హెరిటేజ్ అనగానే అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తారు. కట్టడాలకు మరమ్మతు చేసే కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్ కావాలంటే బీఆర్క్ ఉండాల్సిందే, మీ బీఏతో ఆ తలుపు తెరుచుకోదు. తవ్వకాలు ఆర్కియాలజీ వాళ్లవి. వస్తువుల్ని భద్రపరచి ప్రదర్శించడం మ్యూజియాలజీ. జనానికి వాళ్ల చరిత్ర అందేలా చెప్పడం, వాళ్ల దగ్గరున్న చరిత్రను రాసుకోవడం పబ్లిక్ హిస్టరీ. మీ ప్రశ్న చూస్తే మీ మనసు ఈ చివరి దాని మీదే ఉన్నట్టుంది.

కోర్సు పేరు కోసం మరీ వెతుక్కోకండి. ఉస్మానియాలో ఎంఏ హిస్టరీ, ప్రాచీన చరిత్ర–ఆర్కియాలజీ ఉన్నాయి, వాటికి రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకైతే జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ. అచ్చంగా హెరిటేజ్ పేరుతోనే కావాలంటే బయటికి వెళ్లాలి: నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్, అహ్మదాబాద్ యూనివర్సిటీలో హెరిటేజ్ మేనేజ్‌మెంట్. ఇంగ్లండ్‌లో యార్క్ లాంటి చోట్ల పబ్లిక్ హిస్టరీ పేరుతోనే ఎంఏ ఉంది. అప్పు చేసి మరీ అక్కడికి వెళ్లమని మాత్రం నేను చెప్పను. ఇక్కడి జీతాలతో ఆ అప్పు తీరదు.

నాకు ఈ సబ్జెక్టు అంటే ఏంటో అర్థమైంది ఒక అసైన్‌మెంట్ వల్ల. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద మీద హెరిటేజ్ వాక్‌కి, అంటే జనాన్ని నడిపిస్తూ పాత చోట్ల కథ చెప్పే కార్యక్రమానికి, స్క్రిప్టు రాయమన్నారు. పుస్తకాల్లో కథ సాఫీగానే ఉంది. వరదొచ్చి వేలమంది పోయారు, 1909లో ఇంజనీర్ విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు, తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టారు. పరీక్షలో రాస్తే ఫుల్ మార్కులు.

ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర నిలబడితే ఆ సాఫీతనం ఉండదు. ఆ రోజు ఆ చెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్తారు. మేం వెళ్లేసరికి దాని నీడన పేషెంట్ల బంధువులు టిఫిన్ బాక్సులు విప్పుకుని తింటున్నారు. చెట్టు సంగతి వాళ్లలో ఒక్కరికీ తెలీదు. గేటు బయట పూలమ్మే పెద్దావిడను కదిపితే ఇంకో కథ చెప్పింది. అప్పటి నిజాం మహబూబ్ అలీ పాషా స్వయంగా మూసీ ఒడ్డుకు వచ్చి, పూజారులు చెప్పినట్టు మూసీ తల్లికి చీర, సారె పెట్టి హారతి ఇచ్చాడట, అప్పుడు గానీ నది శాంతించలేదట. వాళ్ల అత్తగారు చెప్పేదట.

మేం చూసిన కాగితాల్లో ఆ హారతి ఎక్కడా లేదు. మరి స్క్రిప్టులోంచి తీసేయాలా? జరిగినట్టే రాసేయాలా? మా బ్యాచ్‌లో ఈ విషయం మీద కొట్టుకున్నంత పని అయింది. నేను మాత్రం ‘ఊళ్లో ఇలా చెప్పుకుంటారు’ అని ఉంచాను. వరద ఎంత ఎత్తున వచ్చిందో ఆ కథ చెప్పదు. తమ పాలకుడిని జనం ఎలా గుర్తుపెట్టుకోవాలనుకున్నారో చెప్తుంది, అది ఏ ఫైల్లోనూ దొరకదు. ఇలాంటి గొడవ మీకు సరదాగా అనిపిస్తే ఈ దారి మీదే. చిరాకు అనిపిస్తే ఇప్పుడే ఆలోచించుకోండి.

మ్యూజియంలు, కట్టడాల దగ్గర పెట్టే బోర్డుల రాత కూడా అంతే. ఎనభై మాటలు దాటితే ఎవరూ చదవరు, అందులోనే అంతా చెప్పాలి. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. ఆ మాట మొదటి వరుసలో రాస్తే జనం ఆగకుండా నడిచిపోతారు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును గీకేసి మళ్లీ డంగు సున్నం వాడారని రాయండి, ఆగి గోడను చేత్తో తడిమి చూస్తారు.

ఇక అసలు సలహా: ఉర్దూ చదవడం నేర్చుకోండి. మనకు మాట్లాడటం వచ్చు, లిపి రాదు. నిజాం ప్రభుత్వ వ్యవహారం 1880ల దాకా ఫార్సీలో, ఆ తర్వాత ఉర్దూలో నడిచింది. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో కూర్చున్నాక లిపి రాకపోతే పక్కవాళ్ల మొహం చూడాల్సిందే. నేను రిటైరైన ఒక సార్ దగ్గర ట్యూషన్ పెట్టించుకున్నాను. అచ్చులో ఉన్నది త్వరగానే వచ్చింది. షికస్తా అనే గొలుసుకట్టు చేతిరాత ఇప్పటికీ నా ప్రాణం తీస్తుంది.

ఉద్యోగాల సంగతి దాచను. ఆర్కియాలజీ సర్వేలోనూ రాష్ట్ర హెరిటేజ్ శాఖలోనూ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో తెలీదు. ట్రస్టులు, మ్యూజియంలు, కన్సల్టెన్సీల్లో దొరికేవి చాలావరకు ప్రాజెక్టు ఉన్నంతకాలమే. ఒక చోట నాతో ఏడాదంతా ‘ఇంటర్న్‌షిప్’ అని ఊరికే చేయించుకున్నారు. చేరేముందే స్టైపెండ్ ఎంతో కాగితం మీద అడగండి, మొహమాటపడకండి. లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్ గానీ సెట్ గానీ పాసై పెట్టుకుంటే ప్రాజెక్టుల మధ్య ఖాళీలో లెక్చరర్‌గా చేయొచ్చు. నా ఫ్రెండ్స్‌లో నిలదొక్కుకున్నవాళ్లు ఎక్కువమంది ఇలా రెండు కాళ్ల మీదా నడుస్తున్నవాళ్లే.

అలాగని ఈ చదువు వాక్‌లకే పనికొస్తుందనుకోకండి. 2019లో అసెంబ్లీ కొత్త భవనం కోసం ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చాలన్న కేబినెట్ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. అలాంటి కేసు నిలవాలంటే ఆ భవనం చరిత్రను ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చుని తవ్వి తీయాలి కదా.

ఇంట్లో వాళ్లకు ఎంఏ హిస్టరీ అనే చెప్పండి, అబద్ధం కాదు. ఎంఏ తర్వాత కూడా బీఎడ్ చేయొచ్చు, ఆ దారి ఎక్కడికీ పోదు. ఈలోపు సీపీగెట్ పాత పేపర్లు తెచ్చుకుని మొదలుపెట్టండి, మీ అమ్మమ్మో తాతయ్యో ఉంటే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి మాట్లాడించండి. ఇంటర్వ్యూ చేసిన అనుభవం ఉందని చూపిస్తే ఇంటర్న్‌షిప్ ఇచ్చేటప్పుడు మార్కుల కంటే దానికే విలువ ఇస్తారు.