ఆ ముడత వైరస్ కాదు, ముందు మందుల డబ్బా పక్కన పెట్టండి

ప్రశ్న: ఇంటి పెరట్లో చిన్న కాయల పాతరకం (హెయిర్‌లూమ్) టమాటాను విత్తనం నుంచి పెంచుతున్నాను. పోసిన నారులో సగం సన్నగా సాగి, మొదలు దగ్గర నల్లబడి వాలిపోయింది. బతికిన 12 మొక్కలు నాటి 40 రోజులైంది. కింది ఆకులు పైకి ముడుచుకున్నాయి, పూత రాలుతోంది. ఆకుముడత వైరస్ అని డీలర్ చెబితే ఇమిడాక్లోప్రిడ్, ఒక తెగులు మందు, ఒక టానిక్ కలిపి వారానికోసారి మూడుసార్లు కొట్టాను. తగ్గలేదు. ఉదయం, సాయంత్రం నీళ్లు పోస్తున్నాను. ఈ మొక్కల నుంచి విత్తనం తీసుకోవచ్చా?

జవాబు: మీ టమాటాకు ఆకుముడత వైరస్ సోకలేదనే నా అంచనా. ఆ వైరస్ ముందుగా బయటపడేది కొత్త చిగురులో. చిగురాకులు చిన్నవై, గిడసబారి, అంచులు పసుపెక్కుతాయి. కణుపుల మధ్య దూరం తగ్గి మొక్క పైభాగం గుబురుగా కుదించుకుపోతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. మీరు రాసింది కింది ఆకుల గురించి. అవి పచ్చగానే ఉండి, అంచులు గొట్టంలా పైకి చుట్టుకుని, పట్టుకుంటే దళసరిగా, పెళుసుగా ఉన్నాయా? పై చిగురు మామూలుగా సాగుతోందా? అలాగైతే అది తెగులే కాదు. నీళ్లు ఎక్కువై వేళ్లకు గాలి ఆడకపోయినా, నేల మరీ ఎండినా, ఎండ ముదిరినా, నత్రజని ఎక్కువైనా, పక్క కొమ్మలన్నీ ఒక్కరోజే తుంచేసినా టమాటా కింది ఆకులను చుట్టేసుకుంటుంది. ఎత్తు పెరిగే పాతరకాల్లో ఇది మరీ మామూలు. దిగుబడికి చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. రోజుకు రెండుసార్లు నీళ్లు పోస్తున్నారు కదా, కారణం అక్కడే ఉంది.

ముందు నీళ్లు తగ్గించండి. మొక్క మొదలుకు జానెడు దూరంలో వేలు 5 సెం.మీ. లోతుకు గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. నేలలో నాటినవాటికి మూడు నాలుగు రోజులకోసారి, వేళ్ల లోతుకు దిగేలా పోస్తే చాలు. కుండీలో ఉన్నవాటికి ఎండను బట్టి రోజూ అవసరం పడవచ్చు, అది కూడా వేలితో చూశాకే. కుండీ అడుగు కన్నాలు మూసుకుపోలేదని చూసుకోండి. మొదలు చుట్టూ 5 నుంచి 8 సెం.మీ. మందాన ఎండుగడ్డి గానీ ఎండుటాకులు గానీ పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. చుట్టుకున్న పాత ఆకులు మళ్లీ విచ్చుకోకపోవచ్చు. వాటిని చూసి కంగారుపడకుండా రెండు వారాలపాటు కొత్త చిగురును గమనించండి.

ఆకుల అడుగు భాగం కూడా తిప్పి చూడండి. మొక్కను కదిపితే తెల్లటి చిన్న పురుగులు లేస్తే అది తెల్లదోమ. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది అదే. పసుపు రంగు జిగురు అట్టలు మొక్కల తల ఎత్తులో రెండు మూడు కట్టండి. 1500 పిపిఎం (సీసా మీద రాసి ఉండే గాఢత) వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి, ఎండ తగ్గాక ఆకు అడుగు తడిసేలా వారం రోజుల తేడాతో రెండుసార్లు కొట్టండి. ఏ మొక్కకైనా పైన చెప్పిన చిగురు లక్షణాలు కనిపిస్తే మాత్రం జాలిపడకుండా పీకి సంచిలో వేసి మూతికట్టి పారేయండి. వైరస్ ఒంట్లో చేరిన మొక్కను ఏ మందూ బాగుచేయదు. అది నిలబడి ఉన్నన్నాళ్లూ పక్క మొక్కలకు అంటుతూనే ఉంటుంది.

ఇక ఆ మూడు పిచికారీల సంగతి. మొక్కను చూడకుండా, ఏ ఆకు ముడుచుకుందో అడగకుండా ఒకే ట్యాంకులో మూడు డబ్బాలు కలిపి ఇవ్వడం సలహా కాదు, సరుకు అమ్మకం. ఇమిడాక్లోప్రిడ్ రసం పీల్చే పురుగులను చంపుతుంది, అవి ఉంటేనే. వైరస్‌ను తాకదు. నీళ్లు ఎక్కువై వచ్చిన ముడతకైతే దానితో పనే లేదు. అదే మందు వారం వారం కొడుతూ పోతే తెల్లదోమకు దాన్ని తట్టుకునే శక్తి వస్తుంది. దోమను తినే అల్లికరెక్కల పురుగు, అక్షింతల పురుగు ముందు చస్తాయి. పూత మీద కొడితే తేనెటీగలకు విషం. తెగులే లేని మొక్కకు తెగులు మందు దేనికి? టానిక్‌లో నత్రజని గానీ ఎదుగుదల హార్మోన్లు గానీ ఉంటే ఆకు పెరిగి పూత నిలవదు. మీ పూత రాలడంలో దాని వాటా కూడా ఉండవచ్చు.

పెరటి తోటలో ఇంకో ప్రమాదం కొలత. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ (17.8 శాతం మందున్న ద్రవం) మోతాదు లీటరుకు 0.3 మి.లీ. రెండు లీటర్ల చేతి పంపుకు 0.6 మి.లీ. చాలు. సీసా మూతతో పోస్తే అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. ఇది తొక్కతో సహా నోట్లో వేసుకునే చిన్న కాయ. మీరు కొట్టిన రెండు మందుల డబ్బాల మీద కోతకు ముందు ఆగాల్సిన రోజులు రాసి ఉంటాయి. చివరి పిచికారీ నుంచి అందులో ఎక్కువగా ఉన్న గడువు దాటేవరకు ఒక్క కాయ కూడా తినకండి. పిల్లలకు కూడా గట్టిగా చెప్పండి. ఇకమీదట మందు అడగడానికి వెళితే ముడుచుకున్న కొమ్మను, దానితోపాటు పై చిగురును సంచిలో వేసుకుని వెళ్లండి. అవి చూడకుండానే డబ్బా తీసి చేతిలో పెడితే కొనకండి.

నారు పోవడం వేరే సమస్య, దీనికీ ముడతకూ సంబంధం లేదు. సన్నగా సాగింది వెలుతురు చాలక. మొదలు నల్లబడి వాలింది నారుకుళ్ళు తెగులు వల్ల. ఆ శిలీంద్రాలు వాడిన మట్టిలో, మురుగు తడిలో పెరుగుతాయి. ఈసారి పాత కుండీ మట్టి వాడకుండా కొబ్బరిపొట్టు, బాగా మాగిన వర్మీ కంపోస్టు 2:1 పాళ్లలో కలపండి. విత్తడానికి వారం ముందు ఆ మిశ్రమం కిలోకు 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంద్రాలను అణిచే మేలుచేసే శిలీంద్రం) కలిపి, తేమగా ఉంచి నీడలో పెట్టండి. అడుగున కన్నాలున్న ట్రేలో గుంటకు ఒక్కో విత్తనం, అర సెం.మీ. నుంచి 1 సెం.మీ. లోతులో వేయండి. లోతుగా పడిన చిన్న విత్తనం పైకి రాలేదు. మిశ్రమం వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే 5 నుంచి 8 రోజుల్లో మొలుస్తుంది. బఠాణీ గింజంత కాయలు కాసే అడవి జాతి రకాలకు రెండు వారాలు కూడా పట్టవచ్చు, తొందరపడి ట్రే పారేయకండి.

మొలక తల ఎత్తిన రోజే ట్రేను వెలుతురులోకి మార్చాలి. రెండు మూడు రోజులు ఆలస్యమైనా మొలక సాగిపోతుంది. ఇంటి లోపల కిటికీ వెలుతురు సాధారణంగా చాలదు. తొలివారం ఉదయపు ఎండ, తర్వాత కనీసం 6 గంటల నేరుటెండ పడాలి. నీళ్లు పైనుంచి చల్లకుండా ట్రేను నీటి పళ్లెంలో పది నిమిషాలు ఉంచి తీసేయండి. పైపొర ఆరాకే మళ్లీ. ఒకటి రెండు మొలకలు వాలితే వాటిని మట్టితో సహా తీసేసి, మిగిలినవాటి మొదళ్లు తడిసేలా కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు లీటరుకు 3 గ్రాములు కలిపి పోయండి. వారం తర్వాత అవసరమైతే ఇంకోసారి, అంతే. ట్రైకోడెర్మా వేసిన వెంటనే ఇది పోస్తే ఆ మేలుచేసే శిలీంద్రం కూడా చస్తుంది. అందుకే తెగులు కనపడితేనే వాడండి. తెల్లదోమ ఉన్న చోట నారు దశలోనే ట్రే మీద 40 నుంచి 50 మెష్ (అంగుళానికి అన్ని కన్నాలున్న) నైలాన్ వల కప్పండి. పసిమొక్కకు సోకిన వైరస్ పంటనంతా తీసుకుపోతుంది. అన్ని పిచికారీలకంటే ఆ వల మేలు.

25 నుంచి 30 రోజుల్లో నాలుగైదు అసలు ఆకులు వచ్చాక, వారం రోజులు నీళ్లు కాస్త తగ్గించి బయటి ఎండకు అలవాటు చేసి, సాయంత్రం పూట నాటండి. సాగిన నారైతే కింది ఆకులు తీసి కాండాన్ని లోతుగా పాతిపెట్టండి, పాతిన కాండం నుంచి కొత్త వేళ్లు పుడతాయి. చిన్నకాయ పాతరకాలు చాలావరకు నిలువుగా పెరుగుతూనే పోతాయి, 2 మీటర్లు దాటడం మామూలు. మొక్కల మధ్య 60 సెం.మీ. వదలండి. కుండీ అయితే 20 లీటర్లకు తగ్గకూడదు. ఊతకర్ర నాటిన రోజే పాతాలి, తర్వాత పాతితే వేళ్లు తెగుతాయి. రెండు మూడు ప్రధాన కొమ్మలు ఉంచి మిగతా పక్క పిలకలను వేలెడు ఉండగానే, వారానికి కొన్ని చొప్పున తుంచండి.

పూత రాలుతోందంటే మొదట వాతావరణం చూడండి. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా పనిచేయదు, రాత్రి 13 డిగ్రీలకు తగ్గినా అంతే. వేడి తగ్గగానే పూత దానంతట అదే నిలుస్తుంది. మధ్యాహ్నపు ఎండకు 35 శాతం నీడనిచ్చే వల కట్టవచ్చు. ఉదయం 10 నుంచి 12 గంటల మధ్య పూగుత్తి కాడను వేలితో మెల్లగా తట్టండి, పుప్పొడి రాలి కాయ కడుతుంది. యూరియా, పశువుల ఎరువు నెలరోజులు ఆపండి. పూత నిలబెట్టే హార్మోను అని ఏదైనా అంటగడితే తీసుకోకండి. అలా నిలిచిన కాయల్లో గింజలు తక్కువ, మీకు కావలసింది గింజలే కదా. చెర్రీ రకాల్లో కాయ పగలడం ఎండిన నేలకు ఒక్కసారిగా నీళ్లు పట్టించినప్పుడే ఎక్కువ. రంగు తిరిగిన కాయలను ముందే కోసి ఇంట్లో పండనివ్వండి.

విత్తనం విషయానికి వస్తే, ముందు ఒకటి తేల్చుకోండి: మీ మొదటి గింజలు ఎక్కడివి? కొన్న చెర్రీ టమాటా కాయలోంచి తీసినవైతే అది హైబ్రిడ్ అయ్యే అవకాశమే ఎక్కువ. దాని గింజలతో వచ్చే మొక్కలు తలోరకంగా కాస్తాయి. తరాలుగా ఒకే రూపంలో కాస్తున్న రకమని రూఢి అయితేనే దాచండి. ఈ 12 మొక్కల్లో చిగురు ఆరోగ్యంగా ఉన్న నాలుగైదింటికి ఇప్పుడే దారం కట్టి గుర్తుపెట్టుకోండి. మంచి కాయను చూసి ఎంచకండి, మంచి మొక్కను చూసి ఎంచండి. పక్కన వేరే టమాటా రకం ఉంటే కనీసం 3 మీటర్ల దూరం కావాలి. అడవి జాతి చిన్నకాయల్లో కీలాగ్రం (పువ్వులో పుప్పొడిని అందుకునే కొన) బయటికి పొడుచుకు వచ్చి పరపరాగసంపర్కం, అంటే వేరే మొక్క పుప్పొడి అంటడం, ఎక్కువ. వాటి మొగ్గలు విచ్చకముందే గుత్తికి పల్చటి గుడ్డ సంచి కట్టి, కాయ పడ్డాక సంచి తీసి ఆ గుత్తికి గుర్తు పెట్టండి.

మెత్తబడేలా పండిన కాయల గుజ్జును గాజు గ్లాసులోకి పిండి, అంతే నీళ్లు కలిపి నీడలో 2 నుంచి 3 రోజులు పులియనివ్వండి. రోజుకు రెండుసార్లు కలపండి. గింజ చుట్టూ ఉన్న జిగురుపొర మొలకను ఆపుతుంది, పులిస్తే అది కరిగిపోతుంది. వేడి రోజుల్లో మూడు రోజులు దాటితే గింజ గ్లాసులోనే మొలకెత్తుతుంది. అడుగుకు చేరిన గింజలను నాలుగైదుసార్లు కడిగి, పింగాణీ పళ్లెంలో పల్చగా పరిచి నీడలో వారం ఆరబెట్టండి. కాగితం మీద వేస్తే అతుక్కుపోతుంది, నేరుటెండలో పెడితే మొలక శాతం పడిపోతుంది. రోజుకోసారి వేలితో విడదీయండి. విరిస్తే పుటుక్కున విరగాలి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. మూత బిగించిన గాజు సీసాలో, రకం పేరు, తీసిన నెల, సంవత్సరం రాసి చల్లటి చీకటి చోట ఉంచితే నాలుగేళ్లు బాగా మొలుస్తాయి. పొగాకు ముట్టుకున్న చేతులతో మొక్కలను, గింజలను తాకకండి, సబ్బుతో కడుక్కోండి. పొగాకు మొజాయిక్ వైరస్ విత్తనం మీద కూడా నిలిచి ఉంటుంది, పులియబెట్టినంత మాత్రాన పూర్తిగా పోదు.